పామీ డాక్టరమ్మకు ఒడిబియ్యం

మొన్నొక పొద్దున నేను వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే కరీంనగర్‌లోని మా ఇంటి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక తెల్లపిల్ల దిగింది. పాతికేళ్ళుంటాయి. భుజానికి సంచి, ఎండకు కమిలిన ముక్కు. ఆటో నడిపే అబ్బాయి "అవ్వా, గీ పిల్ల బస్టాండ్ల దిగిన కాడికెళ్ళి నీ పేరే చెప్తున్నది, జర చూడు" అని నాకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసినదాన్ని, నాకు ఇంగ్లీషు భయం లేదు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అడిగితే తన పేరు క్లేర్ అని, ఆస్ట్రేలియా నుంచి వచ్చానని, మేవిస్ తమ తాతకు అక్క అవుతుందని చెప్పింది. మేవిస్ అన్న మాట వినగానే నా చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. మా మేవిస్ సిస్టరమ్మ! ఆమె పోయి ఎన్నేళ్ళో. ఆమె పెట్టె ఒకటి వాళ్ళింటి అటక మీద మొన్నమొన్నటి దాకా తెరవకుండా ఉండిపోయిందట. అందులో నేను రాసిన ఉత్తరాలు దొరికాయి, వాటి మీది చిరునామా పట్టుకుని ఈ పిల్ల వచ్చింది.

సంచిలోంచి ఒక కోకో డబ్బా తీసి నా ముందు పెట్టింది. తుప్పు పట్టిన పాత రేకు డబ్బా. మూత మీద అంటించిన కాగితం మీద వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లో "పామీ వదిలి వెళ్ళినవి" అని ఉంది. మూత తీస్తే లోపల బియ్యం. పురుగు తిన్నది తినగా, పిండైనది పిండి కాగా, ఇంకా అక్కడక్కడ పసుపు కనిపిస్తున్న గింజలు. "ఇవేమిటి? ఈ పామీ ఎవరు? మా మేవిస్‌కు ఏమవుతుంది? మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా దేశంలో ఇంగ్లండువాళ్ళను అట్లా అంటారు, కొంచెం ఎగతాళిగా, కొంచెం చీదరగా. మరి ఎవరినో అట్లా పిలిచి, వాళ్ళ బియ్యాన్ని ఇన్నేళ్ళు దాచుకోవడం ఏమిటి?" అని అడిగింది. నేను డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. తుప్పు వాసనే వచ్చింది. కానీ నాకు మాత్రం ఫినాయిలు, ఉడుకుతున్న మక్కగట్క, మా అవ్వ కట్టెలపొయ్యి పొగ, మూడూ కలిసిన వాసన వచ్చినట్టే అనిపించింది. ఎందుకో ఏడుపొచ్చింది. అందుకే ఆ పిల్లకు చెప్పిందంతా ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఆమెకు చెప్పకుండా మింగినవి కూడా కలిపి.

మాది గోదావరికి అవతల, చెన్నూరు తోవలో ఒక చిన్న ఊరు. ఇప్పుడది పేరుకే ఉంది. అప్పట్లో అక్కడ నాలుగు గదుల మిషన్ దవాఖాన ఉండేది. పక్కన పెంకుల బంగళా, బంగళా వెనక విడిగా కట్టిన వంటిల్లు. ఆ వంటింటికి రాణి మా అవ్వ లచ్చవ్వ. మా దిక్కు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని అంటాం. మేము మగ్గం నేసేవాళ్ళం. ఊళ్ళో నేతకు గిరాకీ తగ్గి, మా బాపు షోలాపూర్‌లో మరమగ్గాల మీదికి పోయాడు. ఏడాదికొకసారి, పీర్ల పండుగకో దసరాకో, చేతిలో ఒక చీరె పట్టుకుని వచ్చేవాడు. నిజాం పైసలు పోయి నయా పైసలు వచ్చిన కొత్తలో అవ్వ ఆ బంగళాలో వంటకు కుదిరింది. నాకప్పుడు నాలుగేళ్ళు. కాబట్టి నా చిన్నతనమంతా ఆ వంటింటి అరుగు మీదనే గడిచింది.

బంగళాలో ఇద్దరే ఆడవాళ్ళు. ఒకరు ఎడిత్ డాక్టరమ్మ, ఇంగ్లండు మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన గౌనుతో. రెండో ఆమె మేవిస్ సిస్టరమ్మ, నర్సు, ఆస్ట్రేలియా మనిషి. పొట్టిగా, గట్టిగా, చేతులు మగవాళ్ళ చేతుల్లా ఉండేవి. వాళ్ళ నాన్నకు గొర్రెల మందలుండేవట. మాకు ఇద్దరూ తెల్లదొరసానులే. ఒక కడుపున పుట్టినవాళ్ళేమో అని మొదట్లో ఊరంతా అనుకుంది. కానీ నోరు విప్పితే తేడా తెలిసిపోయేది. డాక్టరమ్మ మద్రాసు దిక్కున ఎవరో ముసలి మున్షీ దగ్గర తెలుగు నేర్చుకుని వచ్చింది. రోగి గడపలోకి రాగానే "అమ్మా, నీకు ఎచట నొప్పి కలుగుచున్నది?" అని అడిగేది. ఆ రోగి బిత్తరపోయి మా అవ్వ వైపు చూసేది. సిస్టరమ్మ తెలుగు నేర్చింది మా అవ్వ పొయ్యి దగ్గర. "ఏడ నొస్తున్నదే? జర గిట్ల మర్లు, సూస్త" అనేది. కళ్ళు మూసుకుని వింటే ఆమె మా వాడకట్టు మనిషే.

వాళ్ళిద్దరికీ పొద్దుగాల చాయ్ దగ్గర మొదలయ్యేది. డాక్టరమ్మ చాయ్ ఒక గుక్క తాగి, చల్లారిందనేది. వానలు పడకపోతే ఉక్క అనేది, పడితే బురద అనేది. సిస్టరమ్మ వెంటనే "సణుగుడు పామీ!" అనేది. ఇంగ్లీషులో ఒకసారి, అవ్వకు అర్థం కావడానికి తెలుగులో ఒకసారి. పామీ అంటే ఏమిటని అవ్వ అడిగితే ఆమె కథగా చెప్పింది. ఇంగ్లండు నుంచి జనం ఓడల్లో వాళ్ళ దేశానికి బతకపోయేవారట. ఓడ దిగి ఆ ఎండలో నాలుగడుగులు వేసేసరికి బుగ్గలు దానిమ్మపండులా ఎర్రబడేవట. దానిమ్మకు వాళ్ళ భాషలో ఉన్న పేరులోంచే పామీ వచ్చిందని వాళ్ళ నాన్న చెప్పాడట. "అసలు సంగతి ఎవలకు ఎరుక లచ్చవ్వా, ఒక్కొక్కలు ఒక్కో కిస్సా జెప్తరు" అని కూడా అన్నది. యుద్ధం నాటి ముసలివాళ్ళు ఇంగ్లండు సిపాయిలను ఛూమ్ అనేవారట. అది ఆమె ముద్దొచ్చినప్పుడు అనేది. ఇంకోటి ఉంది. వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం చెరువు ఎండితే "పామీవాళ్ళ తువ్వాలంత పొడిగా ఉంది" అంటారట, ఇంగ్లండువాళ్ళు స్నానం చెయ్యరని. మా డాక్టరమ్మ కాగులో నీళ్ళు కాగుతున్నా సరే ఒక గిన్నెలో నీళ్ళు, ఒక గుడ్డ పెట్టుకుని ఒళ్ళు తుడుచుకునే మనిషి. ఆ సామెత విన్నప్పుడు అవ్వ నవ్వీ నవ్వీ పొయ్యి ముందే కూలబడింది.

డాక్టరమ్మ తక్కువ తిన్నదేమీ కాదు. సిస్టరమ్మ దేశానికి మొదట తోలింది ఇంగ్లండు జైళ్ళలోని ఖైదీలనట. ఆ మాట పట్టుకుని, చక్కెర డబ్బాలో చక్కెర తగ్గినా, గడియారం కనిపించకపోయినా, తాపీగా "దొంగ మనుమరాలా, ఎచట దాచితివి?" అనేది. ముఖంలో ఒక్క కండరం కదిలేది కాదు. సిస్టరమ్మ రొట్టెముక్క విసిరేది. నాకు ముందు పళ్ళు పెద్దవిగా, వరసగా ఉండేవి కాబట్టి సిస్టరమ్మ నాకు మక్కబుట్ట, అంటే మొక్కజొన్న పొత్తు, అని పేరు పెట్టింది. నేను అలిగితే డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దించేది. నా నర్సు ఉద్యోగం ఆ పలక మీదనే మొదలైంది.

ఇక్కడ మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలి. మాలో మేలమాడటం అని ఉంది. వరసైనవాళ్ళు ఒకరినొకరు ఏడిపించుకోవడం. బావ మరదలిని అనొచ్చు, వదినె ఆడబిడ్డను అనొచ్చు, వియ్యపురాళ్ళు ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకోవచ్చు. పెండ్లిలో మగపెండ్లివారు బువ్వకు కూర్చుంటే ఆడపెండ్లివారి ఆడవాళ్ళు పాట కట్టి మరీ తిడతారు. ఆ పాటల్లో వచ్చేవి రెండే మాటలు: మీ తాత దొంగ, మీ మేనత్త తానం జెయ్యదు. ఎవరూ కోపం చేసుకోరు, కోపం చేసుకుంటే మనిషి కాదంటారు. కానీ వరస లేని మనిషిని అట్లా అంటే మాత్రం కులం పెద్దలు కూర్చుంటారు. తప్పు ఒప్పుకోవలసిందే. మా అవ్వ ఇంకేమనుకుంటుంది? ఒకామె మీ తాత దొంగ అంటుంది, ఇంకొకామె నువ్వు తానం చెయ్యవంటుంది, ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తింటారు. "వదినె ఆడబిడ్డలే" అని తేల్చేసింది. సిస్టరమ్మను డాక్టరమ్మ అన్నకిచ్చారని, ఆ అన్న లడాయిలో పోయి ఉంటాడని, అందుకే సిస్టరమ్మ బొట్టూ గాజులూ లేకుండా ఆడబిడ్డను కనిపెట్టుకుని ఈ దేశం వచ్చిందని ఒక పెద్ద కథ అల్లి ఊరంతా చెప్పింది. కాన్పుకు వచ్చిన ఆడవాళ్ళు "పాపం, ఎంత మంచి వదినె" అని సిస్టరమ్మ చెయ్యి పట్టుకునేవారు. ఊళ్ళో అందరినీ వరస పెట్టి పిలిచినట్టే తననూ పిలుస్తున్నారనుకుని ఆమె నవ్వి ఊరుకునేది. కొంచెం పెద్దయ్యాక నేను డాక్టరమ్మనే అడిగి అసలు సంగతి తెలుసుకున్నాను. వాళ్ళకు చుట్టరికమే లేదు, ఈ దవాఖానకు వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అవ్వతో చెప్తే "నీకేం ఎరుకనే, బుడ్డెడు లేవు. వరస లేకుంటే గన్ని మాటలు పడ్తదా?" అని నా నెత్తి మీద మొట్టింది. నేను మళ్ళీ చెప్పలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు డాక్టరమ్మకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు, డాక్టరమ్మ ఒక్కతే కూతురు. రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడో నాడు వెళ్తున్నానని చెప్పింది. సిస్టరమ్మ అన్నం ముందు నుంచి లేచి నిలబడింది. ఆమె వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా వెళ్ళలేదు. కార్డు వచ్చిన రోజు కూడా వార్డులో కట్లు కట్టింది, నేను చూశాను. ఇప్పుడు డాక్టరమ్మ పోతే ఆ చుట్టుపక్కల అడ్డం తిరిగిన కాన్పుకు దిక్కు లేదు. మంచిర్యాల పోవాలంటే వాగు దాటాలి, వానాకాలం బండి దిగబడుతుంది. ఇద్దరూ ఇంగ్లీషులో అరుచుకున్నారు. చివరికి సిస్టరమ్మ ఒక మాట అంది. "కిప్పర్!" అది కూడా వాళ్ళ దేశంలో ఇంగ్లండువాళ్ళను అనే మాటే. కానీ అంతకు ముందు ఎన్నడూ ఆమె నోట మేము వినలేదు. కోసి, లోపలివన్నీ తీసేసి, పొగ మీద ఎండబెట్టిన చేప అని అర్థం. అంటే పేగులు లేనిది, ధైర్యం లేనిది. డాక్టరమ్మ ముఖం ఎర్రబడలేదు, పాలిపోయింది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

అవ్వ నన్ను అడిగింది, ఏమన్నదని. చెప్పాను. "అయ్యో! గిది మేలం గాదు బిడ్డా, గిది విషం" అంది.

ఆ తర్వాత వారం రోజులు బంగళాలో మాట లేదు. చాయ్ చల్లారినా డాక్టరమ్మ ఏమీ అనలేదు. పామీ అన్న పిలుపు వినిపించలేదు. చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించక నాకు భయం వేసేది. ఎప్పుడూ పోట్లాడుకునే ఇల్లు మాట్లాడకుండా ఉంటే ఎంత గడ్డుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అవ్వ పరేషాన్ అయిపోయింది. ఆమె పరేషానీ ఒక్కటే. ఆడబిడ్డ ఇంటి నుంచి కోపంతో, ఒట్టి ఒడితో వెళ్తే మళ్ళీ ఆ గడప తొక్కదు. డాక్టరమ్మ మళ్ళీ రావాలి, తప్పకుండా రావాలి. అందుకు ఒడిబియ్యం పొయ్యాలి.

ఒడిబియ్యం పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు పోస్తారు. ఐదు శేర్ల బియ్యానికి పసుపూ నూనే పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికగుడ్డ పెట్టి, అన్నా వదినే దోసిళ్ళతో ఒడిలో పోస్తారు. ఒకసారి పోస్తే మూడో ఏడు, ఐదో ఏడు మళ్ళీ పొయ్యాలి, అందుకు ఆడబిడ్డ రావాలి. వెళ్ళేటప్పుడు ఆమె తన ఒడిలోంచి ఐదు పిడికిళ్ళు పుట్టింట్లో వదిలి వెళ్తుంది. మా ఊరి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. పక్కింటి పెద్దమ్మ అవ్వ మొహం మీదనే "పెండ్లి గాని మనిషికి ఒడిబియ్యమేందే లచ్చవ్వా, యాడన్న ఉన్నదా?" అంది. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఊర్లున్న పోరగాండ్లందరు ఆమె చేతులల్ల పడి ఏడ్శినోళ్ళే. నీ మనుమడు సుత. ఆమెది నిండు ఒడి గాకుంటె ఎవలదే నిండు ఒడి?" అంది. పెద్దమ్మ ఇంటికి పోయి తన వాటా కుడుకలు తెచ్చింది. నియమాల్లో మా అవ్వకు నచ్చినవి ఉండేవి, నచ్చనివి ఉండేవి. వదినె చేతులతోనే పొయ్యాలన్న నియమం మాత్రం ఆమెకు రాతి మీద గీత.

బయల్దేరే రోజు పొద్దున అవ్వ బంగళా వరండాలో ముగ్గు వేసి పీట వేసింది. బాపు దసరాకు తెచ్చిన చీరె, ఎర్ర అంచు షోలాపూర్ చీరె, తను ఇంకా ఒక్కసారి కూడా కట్టనిది, డాక్టరమ్మకు చుట్టబెట్టింది. గౌనులో ఒడి ఎట్లా పడతారు, కొంగు కావాలి కదా. ఆమెను పీట మీద కూర్చోబెట్టి నన్ను వెంటబెట్టుకుని మందుల గదికి వెళ్ళింది. సిస్టరమ్మ అక్కడ కట్టుగుడ్డలు చుడుతూ కూర్చుంది. చుట్టినవే విప్పి మళ్ళీ చుడుతోంది.

"సిస్టరమ్మా, లే. మూర్తం దాటుతున్నది. ఆడబిడ్డకు ఒడిబియ్యం పొయ్యాలె" అంది అవ్వ.

"ఎవల ఆడబిడ్డ?"

"నీ ఆడబిడ్డనే. డాక్టరమ్మ."

సిస్టరమ్మ తల ఎత్తింది. "లచ్చవ్వా, ఆమె నాకేం గాదు. ఆమెదొక దేశం, నాదొక దేశం. నాకు పెండ్లే గాలే. ఆడబిడ్డ యాడికెళ్ళి వస్తది?"

అవ్వ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. ఎనిమిదేళ్ళుగా ఊరంతా చాటిన కథ అది. ఊరి ఆడవాళ్ళు వరండాలో కూర్చుని ఉన్నారు, బియ్యం కలిపి ఉంది, పన్నెండు గంటల మంచిర్యాల బస్సు ఇంకో గంటలో వస్తుంది. ఇంకొకరైతే తల వంచుకుని వెనక్కి తిరిగేవారు. మా అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం గాదా? మరి గిన్నేండ్లు గన్ని మాటలు ఎట్లన్నవ్? తానం జెయ్యదంటివి. సణుగుతదంటివి. మొన్న పేగుల్లేని చాప అంటివి. ఏ వరసల అన్నవ్? మా తాన వరస లేని మనిషిని గట్లంటె పదిమంది కూసుంటరు. ఆమె కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోసి తప్పైంది అనాలె. వరసన్న ఒప్పుకో, తప్పన్న ఒప్పుకో. రెండూ కాదంటె నేనూకోను. ఈ గడప దాటనియ్య."

సిస్టరమ్మ చేతిలోని కట్టుగుడ్డ జారి నేల మీద బారుగా విచ్చుకుంది. ఆమె లేచి, చేతులు కడుక్కుని, తువ్వాలకు తుడుచుకుంటూ "తప్పు ఒప్పుకునుడు కన్న బియ్యం పోసుడే అల్కగున్నది, నడువు" అంది.

ఆ వరండా ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. డాక్టరమ్మ కొంగు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. అవ్వ కట్టిన చీరె అప్పటికే సగం జారిపోతోంది. సిస్టరమ్మ ఎదురుగా వంగి మొదటి దోసిలి పోసింది. "పామీ" అంది నెమ్మదిగా. డాక్టరమ్మ తల ఎత్తలేదు. రెండో దోసిలికి "ఛూమ్" అంది. మూడోదానికి "సణుగుడు పామీ" అంది. అప్పుడు డాక్టరమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి, కన్నీళ్ళు బియ్యంలో పడ్డాయి. ముక్కు ఎగబీల్చుకుంటూనే, మున్షీ నేర్పిన తెలుగులో, "దొంగ మనుమరాలా, మెల్లగా పోయుము, నేల మీద పడుచున్నవి" అంది. ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నాలుగో దోసిలికి సిస్టరమ్మ ఏమీ అనలేకపోయింది. ఐదోది పోస్తూ, అందరూ వినేటట్టు, "తప్పైంది" అంది.

"రెండు ఎందుకమ్మా, ఒక్కటి చాలంటి గద" అని అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది.

డాక్టరమ్మ ఐదు పిడికిళ్ళు తీసి వంటింట్లో వదిలింది. వాటిని ఇంటి బియ్యం గుమ్మిలో కలపాలి, అది మా పద్ధతి. కలిపితే ఇల్లు నిండుగా ఉంటుంది, ఆడబిడ్డ కూడా ఆ ఇంటి అన్నంలో ఉన్నట్టే. సిస్టరమ్మ అవ్వను కలపనివ్వలేదు. ఖాళీ కోకో డబ్బా వెతికి అందులో పోసి మూత పెట్టింది. తింటే అయిపోతాయి, అయిపోతే ఆమె ఎట్లా వస్తుంది అంది. "గట్ల దాసిపెట్టరు సిస్టరమ్మా" అని అవ్వ ఎంత చెప్పినా వినలేదు. మొండిది. బస్సు కిటికీలోంచి డాక్టరమ్మ చెయ్యి ఊపుతుంటే ఈమె రోడ్డు మధ్యలో నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా ఆ పేర్లన్నీ పెట్టి అరిచింది.

ఇంగ్లండు నుంచి ఉత్తరాలు వచ్చేవి. వాళ్ళమ్మ అట్లాగే ఉందని, వచ్చే ఏడు వస్తానని. మూడో ఏడు రాగానే సిస్టరమ్మే అవ్వను అడిగింది, "మూడో ఏడు గద, మల్ల పొయ్యాలె గద, బియ్యం ఎప్పుడు కలుపుదాం?" అని. డాక్టరమ్మ రాలేదు. ఐదో ఏడు వాళ్ళమ్మ పోయింది, ఓడ టికెట్ కొన్నానని రాసింది. ఆ ఉత్తరం వచ్చిన నాడు సిస్టరమ్మ బంగళాకు సున్నం వేయించింది, డాక్టరమ్మ పరుపు ఎండలో వేసింది, ఐదు శేర్ల బియ్యం తనే చెరిగి పెట్టింది. తర్వాత నల్ల అంచున్న కవరు వచ్చింది. గుండె ఆగిపోయిందట. ఓడ ఎక్కడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

సిస్టరమ్మ ఏడవలేదు. వార్డు పని ముగించి, మధ్యాహ్నం వంటింటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. అవ్వ మక్కగట్క కలుపుతోంది, నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఆమె కోకో డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేని దిక్కు చూస్తూ, ఒక్కొక్కటే మొదలుపెట్టింది. పామీ. ఛూమ్. సణుగుడు పామీ. పొడి తువ్వాల. మళ్ళీ మొదటినుంచి. మతి తప్పిందేమోనని నాకు దడ పుట్టింది.

అవ్వ గరిటె పక్కన పెట్టింది. "ఎవల్ని తిడ్తున్నవ్ సిస్టరమ్మా?"

"నా ఆడబిడ్డను" అంది ఆమె. "గింజలు ఇంట్లనే ఉన్నయ్ గద లచ్చవ్వా. అయినా రాలే."

అవ్వ వెళ్ళి ఆమె తలను తన పొట్టకేసి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది ఆ మనిషి, ఊరి పొలిమేర దాకా వినబడేటట్టు. నేను ఉల్లిగడ్డలు కోస్తూనే ఉన్నాను, నా ఏడుపు ఎవరికీ తెలియకుండా.

దవాఖాన మూతపడ్డాక సిస్టరమ్మ ఆ డబ్బాతోనే తన దేశం వెళ్ళిపోయింది, మా మధ్య ఉత్తరాలు మిగిలాయి. ఇదంతా క్లేర్‌కు చెప్తుంటే నాకు వేరే సంగతులు గుర్తొస్తున్నాయి. నా చిన్నప్పుడు, ఆంధ్రా తెలంగాణా కలిసి కొత్త రాష్ట్రం వచ్చాక, మా బడికి కోస్తా నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెకు మేము ఒక పేరు పెట్టాం, మా మాటలు విని ఆమె నవ్వేది. అది మేలమో విషమో అడగడానికి ఎవరూ గుమ్మానికి అడ్డంగా నిలబడలేదు. ఆమె బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది, ఒడిలో ఏమీ లేకుండానే. ఇప్పుడు మా కాలనీలో ఒడియా వాచ్‌మన్‌ను ఒక పేరుతో, బిహారు తాపీమేస్త్రీలను ఒక పేరుతో పిలుస్తారు. ఫోన్లలో రాసుకునేవి చదవలేక ఫోను బోర్లా పెట్టేస్తాను. అంత మాట అన్నవాడు వరసా ఒప్పుకోడు, తప్పూ ఒప్పుకోడు. ఆ కాలమంతా బంగారమని నేననను, మా అవ్వ లాంటి మనిషి వాడకొకరు ఉండేవారు అంటున్నాను, అంతే. నాకు ఆమె కావాలి. డెబ్బై దాటిన ముసలిదాన్ని, సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు మా అవ్వ కావాలి, ఆ ఇద్దరూ చాయ్ దగ్గర పోట్లాడుకోవడం వినాలి.

"అయితే ఇంట్లో ఏమని చెప్పను? పామీ మేవిస్‌కు ఏమవుతుంది?" అని అడిగింది క్లేర్ చివరికి.

"ఆడబిడ్డ అవుతుంది" అన్నాను. ఆ మాటకు ఇంగ్లీషు చెప్పలేదు. ఆమె రెండుసార్లు పలికి నేర్చుకుంది. వాళ్ళ అక్క మొగుడు ఇంగ్లండువాడట, ఇంట్లో అందరూ అతన్ని పామీ అనే పిలుస్తారట. అతను ఏమంటాడని అడిగాను. వాళ్ళను దొంగలంటాడని నవ్వింది. పరవాలేదు, వరస నిలబడింది అనుకున్నాను.

డబ్బాలోంచి పురుగు తినని గింజలు ఏరాను. ఇరవై కూడా లేవు. కడిగి మా బియ్యంలో కలిపి వండాను. అవ్వ అప్పుడే చెయ్యమన్న పని, ఇన్నాళ్ళకు అయింది. చిక్కుడుకాయ కూరతో ఇద్దరం తిన్నాం. తింటూ నా చిన్నప్పటి పేరు కూడా చెప్పాను. ఇప్పుడు అందరూ నన్ను మేడమ్ అంటారు, ఆంటీ అంటారు, ఎంతో మర్యాద. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదని నవ్వుతూనే చెప్పాను.

సాయంత్రం గేటు దగ్గర ఆటో ఎక్కించాను. ఆటో కదిలి, మలుపు దగ్గరికి పోయాక, ఆ పిల్ల తల బయటికి పెట్టింది. నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని, వీధి వీధంతా తిరిగి చూసేటట్టు, "మక్కబుట్టా!" అని అరిచింది. ఎదురింటి ఆయన బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయాను, కళ్ళు కనిపించలేదు. ఆటో పోయాక గాని గుర్తు రాలేదు, అయ్యో, పిల్లను ఒట్టి ఒడితో పంపానే అని. పిల్ల మళ్ళీ రావాలి గదా, రేపు పొద్దున్నే లేచి ఐదు శేర్ల బియ్యం చెరిగి పెడతాను.